నాడి ఎనభై లోపుంటేనే

ఇప్పుడు షేర్లు అమ్మాలంటే చేతిపట్టీ ముందు మన నాడి చూస్తుంది. ఎనభై దాటితే అమ్మనివ్వదు. పాలు పితుకుతుంటే గుండె నెమ్మదిస్తుందని మా ఊళ్లో అందరూ గేదె పాలు పితుకుతూ అమ్ముతారు.

ఈ ఉదయం నా నర్సింగ్ చదువు కోసం కొన్న షేర్లు సగానికి పడిపోయాయి. నాన్న కంగారుగా పితకడానికి కూర్చున్నాడు. నాడి నూటపది. గేదె కూడా బెదిరి పాలు చేపలేదు.

"షేర్లు ఇద్దరి పేరా ఉన్నాయిగా. నువ్వు పితికి అమ్మెయ్యవే," అన్నాడు అమ్మతో.

అమ్మ కూర్చుంది. చెంబు నిండేసరికి పట్టీ పచ్చగా వెలిగింది.

"డెబ్బై రెండే. అమ్మే బటన్ నొక్కవే," అన్నాడు నాన్న.

"దాని చదువుకి ఇంకా మూడేళ్లుందిగా. భయం పోయాక చూస్తే అమ్మాల్సిన పనేం కనపడట్లేదయ్యా."

నాన్న కాసేపు నన్ను చూశాడు. తర్వాత చెంబు అందుకుని, కాఫీ తనే పెడతానంటూ లోపలికి వెళ్లాడు.