రానివాళ్ల షీటు

తెలంగాణ బంద్ నాడు పొద్దుగుంకాక దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఆఫీసులో మేనేజర్ సత్యం మాత్రం ఉన్నాడు. నల్గొండ పల్లెలో ఆయన సత్తయ్య. పట్నం వచ్చాక ఆ పేరును తెగిన చెప్పులా పారేశాడు. ఉద్యమమంటే పనిదొంగల పండుగని ఆయన లెక్క.

"ఇవాళ రానివాళ్ల పేర్లు డేటాబేస్ నుంచి ఎక్సెల్‌లోకి లాగమ్మా. రేపు అందరినీ పీకేస్తా."

ఇల్లు పక్కనే అని పిలిపించిన ఆపరేటర్ యాదలక్ష్మి లాగింది. షీటు నిండా పేర్లు వచ్చాయి.

కింద, తాళం వేసిన షట్టర్ లోపల, వేలిముద్రల హాజరు మిషన్ బీప్‌మంది. ఆమె రిఫ్రెష్ నొక్కితే షీటులో ఒక పేరు తగ్గింది.

"ఎవరో వేలు పెట్టిన్రు సార్."

"తాళం నా జేబులో ఉంది. నీ మొహం, మళ్లీ లాగు."

మళ్లీ బీప్. మళ్లీ ఒక పేరు పోయింది. ఆ తర్వాత బీపులు వరుస కట్టాయి. అడుగుల చప్పుడు లేదు, మాట లేదు.

"కింద ఎవడొచ్చిండే?" అన్నాడు మేనేజర్. ఆయన నోట ఊరి మాట ఆమె ఎన్నడూ వినలేదు.

బీపులు ఆగాయి. షీటులో ఒక్క పేరే మిగిలింది.

"సార్, మన ఆఫీసుల సత్తయ్య ఎవరు?"