ఇత్తడి పలక

వీధితలుపు మీది ఇంటిపేరు చెక్కిన ఇత్తడి పలకను విప్పుతున్న ఎలాదియా చేతిని తండ్రి ఫెర్మిన్ పట్టుకున్నాడు.

"వదులు నాన్నా! ఇంటిపేరు మార్చుకోవచ్చని చట్టమే చెబుతోంది. ఎక్స్‌పోసితో అంటే గుమ్మంలో వదిలేసిన బిడ్డ అని ఉబేదా ఊరంతటికీ తెలుసు. బళ్ళో నన్ను ఎంత ఏడిపించారనీ! పుట్టబోయేవాడికీ అదే అంటించనా?"

"నువ్వు మార్చుకో తల్లీ. నాది ఉండనీ."

"నిన్ను పెంచిన మఠంవాళ్ళు తగిలించిన పేరు మీద అంత మోజేమిటి?"

"అక్కడ వదిలిన పిల్లలందరికీ ఇదే పేరని మా అమ్మకు తెలుసు. వెతికితే దీంతోనే వెతకాలి."

"ఆవిడ ఏనాడో పోయుంటుంది."

"పోయిందని నాకెవరు చెప్పారు?"

ఎలాదియా పలకను తలుపుకు మళ్ళీ ఆనించింది.

"ఎంత ఎత్తులో బిగించను? ఆవిడ పొడగరా, పొట్టిదా?"

"నేనెప్పుడు చూశానే?"