వంగపండు రంగు

"ఆ చీర పచ్చది కాదమ్మాయీ. వంగపండు రంగు."

ఎదురు సీటులోని ముసలావిడ మాటకి గాయత్రి చేతిలో సూది ఆగిపోయింది.

ఏలూరులో పాసింజరు ఎక్కిన దగ్గర్నుంచీ ఆవిడ చూపు గాయత్రి ఒళ్ళోని కుట్టు మీదే ఉంది. గళ్ళగళ్ళ మ్యాటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్‌తో కుడుతున్న బొమ్మ అది. పైన పిన్నుతో గుచ్చిన ఓ నలుపు తెలుపు ఫొటో. నిండు గర్భిణి, అద్దంలో పూలజడ కనబడేలా స్టూడియోలో నిలబడి తీయించుకున్న సీమంతం ఫొటో.

గాయత్రికి అమ్మ ఫొటో అదొక్కటే ఉంది. గాయత్రిని కన్న రోజే ఆ తల్లి పోయింది.

ముఖం కుట్టేసింది. పూలజడ కుట్టేసింది. చీర దగ్గరే వచ్చింది చిక్కంతా. అది ఏ రంగు?

చెప్పడానికి నాన్న లేడు. ఉన్నన్నాళ్ళూ అమ్మ మాటెత్తితే లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. తాడేపల్లిగూడెంలో ఉన్న మేనత్తని ఫోన్లో అడిగితే "నేను అత్తారింటి నుంచి చుట్టపుచూపుగా వచ్చేదాన్ని, మీ అమ్మతో పెద్దగా మసిలిందే లేదు. పట్టుచీరని గుర్తే. రంగు మాత్రం గుర్తు లేదే" అంది.

తెలిసినవాళ్ళు లేరు గానీ, చెప్పేవాళ్ళకి కొదవలేదు. కూతురు మనస్వి రాణీ పింకంది. దారాల కొట్లో అమ్మాయి కనకాంబరం రంగంది. మొగుడు ప్రసాదరావు "నలుపు తెలుపులోనే కుట్టెయ్యరాదూ, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. చివరికి తనకిష్టమైన చిలకపచ్చ తెచ్చుకుంది గాయత్రి.

సగం చీర అయింది. అయినా కుట్టుకుట్టుకీ అనుమానమే. దారం మార్చాలా, వద్దా? అమ్మ గురించి ఒక్కటైనా నిజం తెలిస్తే చాలనిపించేది. వచ్చే వారం మనస్వి సీమంతం. పీటల పక్కన ఈ బొమ్మ పెట్టాలని ఆశ.

ఇప్పుడు మధ్యలో ఈవిడొకరు.

"నలుపు తెలుపు ఫొటో కదండీ, రంగు మీకెలా తెలిసింది?"

"తెలుసమ్మా. అంచు పసుపు. ఆ పచ్చదారం విప్పెయ్."

"విప్పితే గుడ్డ పాడవుతుందండీ. వారంలో మళ్ళీ కుట్టడం నా వల్లయ్యే పని కాదు."

"ఆవిడ మీ అమ్మా?"

"అవునండీ."

ముసలావిడ ముందుకి వంగి గాయత్రి గడ్డం పట్టుకోబోయింది. గాయత్రి చటుక్కున తల వెనక్కి తీసుకుంది.

"అయితే నువ్వు..." అనబోయింది ఆవిడ.

"మా అమ్మని నేనే చూళ్ళేదండీ! మీకు దణ్ణం పెడతాను, మీరు కూడా రంగులు చెప్పకండి."

గొంతు కాస్త పెద్దదే అయింది. పక్క సీట్లవాళ్ళు తిరిగి చూశారు.

ముసలావిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"సరేనమ్మా. నీకు నచ్చిందే వేసుకో" అంది మెల్లగా.

తర్వాత కుట్టు వంక చూడలేదు. గాయత్రి ముఖం వంకే చూస్తూ కూర్చుంది. మధ్యలో కొంగుతో కళ్ళొత్తుకుంది. ఈ మాత్రానికే ఏడుపా అని విసుక్కుంది గాయత్రి.

పూళ్ళలో రైలాగితే ఆవిడ దిగింది. కిటికీ దగ్గరికొచ్చి కాసేపు నిలబడింది కూడా. గాయత్రి తలెత్తలేదు.

సీమంతానికి పిలవడానికి తాడేపల్లిగూడెంలో మేనత్త ఇంటికి వెళ్ళింది గాయత్రి. మేనత్త వెంకటనరసమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ నవ్వుతూ చెప్పింది.

"రైల్లో కూడా ఒకావిడ రంగు చెప్పిందత్తా. వంగపండట. పసుపంచట!"

వెంకటనరసమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"వంగపండా? అవునే! వంగపండే!"

గాయత్రి నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడు గుర్తొచ్చింది. అది మీ అమ్మ చీర కాదే. అప్పట్లో మనింట్లో పట్టుచీరలెక్కడివి? ఫొటోకి వెళ్ళాలంటే ఎవర్నో ఒకర్ని ఎరువడగడమే. కొల్లేటి లంకల నుంచి వచ్చి పక్క వాటాలో ఓ మొగుడూ పెళ్ళాం అద్దెకుండేవాళ్ళు. ఆవిడ తన పెళ్ళిచీర పెట్టెలోంచి తీసిచ్చింది."

"ఆవిడ పేరేంటత్తా?"

"పక్క వాటా ఆవిడనే అనేవాళ్ళం. మొగుడికి బదిలీ అయి వెళ్ళిపోయారు. మళ్ళీ చూళ్ళేదు."

"రైల్లో ఆవిడే అత్తా! పూళ్ళలో దిగింది, వెళ్తాను. ఇప్పుడే బయల్దేరితే..."

"ఏమని అడుగుతావే? పేరు తెలీదు, ఇల్లు తెలీదు. అక్కణ్ణుంచి ఆటో ఎక్కి ఏ ఊరు పోయిందో!"

గాయత్రి లేచింది. గుమ్మం దాకా వెళ్ళింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎక్కడికని వెళ్తుంది?

అమ్మని అంత దగ్గర్నుంచి చూసిన మనిషి అంతసేపు ఎదురుగా కూర్చుంటే, నోరు మూయించి పంపించింది. ఇప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేదు. చిన్న కత్తెర తీసి పచ్చదారం కుట్లు ఒక్కొక్కటే కత్తిరించసాగింది. కన్నీళ్ళకి గళ్ళు అలుక్కుపోయాయి.

"ఊరుకోవే. రంగు తెలిసింది కదా" అంది వెంకటనరసమ్మ.

"రంగెవరిక్కావాలత్తా? అమ్మ ఎలా మాట్లాడేదో, ఎలా నవ్వేదో అడిగేదాన్ని. నేనావిణ్ణి ఒక్క మాటా చెప్పనివ్వలేదు."

వెంకటనరసమ్మ దగ్గరికొచ్చి గాయత్రి తల నిమిరింది.

"మీ నాన్న ఆ రోజుల మాట ఎత్తనిచ్చేవాడు కాదు గానీ, నీకెప్పుడో చెప్పాల్సింది" అంది. "మీ అమ్మ పోయాక తన పిల్లనో పక్క, నిన్నో పక్క పడుకోబెట్టుకుని, నీకు ఏడాది నిండేదాకా పాలిచ్చింది ఆవిడేనే."