వేలి కట్టు

"వేలికేమైంది పెద్దమ్మా?" గేటు దగ్గర సోదా చేసే అమ్మాయి అడిగింది.

"కూర తరుగుతుంటే తెగిందే తల్లీ" అన్నాను. అడక్కముందే తల దాని ముందుకు వంచాను. అది నా కొప్పు విప్పి చూసి లోపలికి పంపింది.

మాది సర్కారు మందుగుండు ఫ్యాక్టరీ. అగ్గిపుల్లే కాదు, తలపిన్ను కూడా లోపలికి పోనివ్వరు. నేను తూటాల్లో మందు కూరే కూలీని.

సాయంత్రం ఇళ్లకు వెళ్లేటప్పటి సోదాలో మా మేస్త్రీ పగలంతా వంకెకు తగిలించి ఉంచే కోటు జేబులో సగం కాల్చిన సిగరెట్టు దొరికింది.

"నాకసలు అలవాటే లేదు సార్! వదినా, నువ్వైనా చెప్పవేం?" అని మొత్తుకున్నాడు.

"ఎవరి జేబులో ఏముందో నాకేం తెలుసు నాయనా!" అన్నాను.

అక్కడికక్కడే వాడి ఉద్యోగం ఊడింది.

మా ఆయనకూ అలవాటు లేదు. చెక్క గరిటెతో ఆలస్యమవుతోందని, గడ్డకట్టిన మందును ఆయన చేత ఇనప గరిటెతో గీకించింది ఈ మేస్త్రీయే. నిప్పురవ్వ లేచి అంటుకున్న మంటలారాక, పోయినవాడి జేబులోంచి సగం కాల్చిన సిగరెట్టు తీసి అందరికీ చూపించిందీ వీడే. మనిషి బొగ్గయ్యాడు, సిగరెట్టుకు మాత్రం ఆ మంటల సెగైనా తగల్లేదు. తప్పు మా ఆయనదేనని తేల్చేసి, ఆయన సామానుతో పాటు ఆ సిగరెట్టునూ పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు.

చెమ్మ తగులుతుందేమో, పురుగు పడుతుందేమో అని బెంగపడుతూనే ఇన్నేళ్లూ డబ్బాలో దాచాను.

ఇంటికొచ్చి కట్టు విప్పి పొయ్యిలో వేశాను. వేలి మీద చిన్న గీతైనా లేదు. ఇక దేనికి బెంగపడాలో తోచడం లేదు.