మా ఊరి చెత్త సినిమా

“బూట్లు విప్పండి బాబూ! ఆ పిల్ల ఇప్పుడు చెక్కవంతెన ఎక్కుతుంది,” అంది లెంపి. ఆ పాత సినిమా హాలు ఆవిడదే.

హెల్సింకి నుంచి వచ్చిన ఎస్కో గబగబా బూట్లు విప్పాడు. తెర మీద ఎర్రకోటు అమ్మాయి సరస్సులోకి సాగిన వంతెన మీద నడిచింది. హాల్లో జనమంతా ఉత్తి పాదాలతో నేల మీద టపటపలాడించారు. ఎవరో బకెట్లో నీళ్లు చేత్తో గలగలలాడించారు. పచ్చి బర్చ్ చెట్టు కొమ్మ ఒకటి చేతులు మారుతూ, వాసన చిమ్ముతూ ముందు వరుస దాకా వెళ్లింది. ఎస్కోకి తను కూర్చున్నది హాల్లోనో సరస్సు ఒడ్డునో కాసేపు తెలియలేదు.

“కోటు విప్పేసింది! జుట్టు గాలికి ఎగురుతోంది!” అని అరిచాడు సాసేజీల కొట్టు తాపియో.

“ఎగరడం కాదురా, మొహమంతా కప్పేసింది! సరిగ్గా చూసి చెప్పు!” వెనకనుంచి ఒకావిడ కసిరింది.

పక్కింటివాడితో వాన గురించైనా మాట్లాడని మనుషులు ఇక్కడ గొంతు చించుకుంటున్నారు. ఎస్కోకి ముచ్చటేసింది. జనం ఇలా పిచ్చిగా ప్రేమించే కల్ట్ సినిమాలను వెతికి, పాడైపోతున్న రీళ్లను బతికించడం అతని ఉద్యోగం. యాభై ఏళ్ల కిందటి ఈ సినిమాకి మిగిలింది ఈ ఒక్క రీలే. అది ఇంకో ఏడాది ఆడేలా లేదు. అందుకే లెంపి అతన్ని పిలిపించింది.

ఒక్కటే అతనికి కొరుకుడు పడలేదు. ఎక్కడైనా అభిమానులు డైలాగులతో గొంతు కలుపుతారు. ఇక్కడ తెర మీద మాటలు మొదలైతే అందరూ నోరు మూసుకుంటున్నారు, అవి ఆగగానే అందుకుంటున్నారు. ముందు వరుసలో ఒక ముసలావిడ అయితే అసలు సినిమానే చూడటం లేదు. బర్చ్ కొమ్మ ఒళ్లో పెట్టుకుని, జనం వైపు చెవి వొగ్గి, తనలో తను నవ్వుకుంటోంది.

విరామంలో కాఫీ, యాలకుల బన్నులు వచ్చాయి.

“ఈ సినిమా అంటే మీకెందుకంత ఇష్టం?” అని తాపియోని అడిగాడు ఎస్కో.

“ఇష్టమా? పరమ చెత్త సినిమా! కథా లేదు, కాకరకాయా లేదు. మూడో రోజుకే ఎత్తేశారు.”

“అందులో పిల్ల ఐరా మా ఊరిదే,” అంది లెంపి. “అప్పుడే పెద్ద జబ్బు చేసి ఆసుపత్రి పాలైంది. పాపం, తన బొమ్మ తను చూసుకోనేలేదు.”

“నచ్చనప్పుడు ఏటేటా ఎందుకొస్తారు?”

తాపియో కాఫీ కప్పులోకి చూశాడు. “వస్తాం. అంతే.”

ఎస్కో ఉసూరుమన్నాడు. “లెంపీ, ఏమీ అనుకోవద్దు. ప్రేమ లేనిదే కల్ట్ సినిమా అవదు. ఇది ఉత్త అలవాటు. మా వాళ్లకి నేనేమని చెప్పను?”

లెంపి మొహం పాలిపోయింది. “ఈ రీలు పోతే మాకు ఈ రోజే ఉండదు బాబూ. చివరిదాకా కూర్చోండి, మీకు పుణ్యముంటుంది.”

కూర్చున్నాడు. ఆఖరి సీనులో పడవ పొగమంచులోకి సాగింది. జనం అరుపులు మానేసి, పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు మెల్లగా చెప్పారు: “దూరమైపోతోంది... ఎర్రకోటు ఇప్పుడు చిన్న చుక్క... అదీ పోయింది. నీళ్లు, అంతే.”

దీపాలు వెలిగాయి. బాగానే ఉంది గానీ లాభం లేదనుకుంటూ ఎస్కో వంగి బూట్ల తాళ్లు కట్టుకోసాగాడు.

“ఐరా! ఇంటిదాకా తోడు రానా?” తాపియో కేకేశాడు.

ఎస్కో చేతులు ఆగిపోయాయి. ముందు వరుస ముసలావిడ నవ్వుతూ లేచింది.

“ఎందుకురా, నాకు దారి తెలీదా?”

ఆమె సంచిలోంచి మడత తెల్లకర్ర తీసి, దాంతో దారి తడుముకుంటూ నడిచింది.