గట్టి ప్రైమర్

"ఇది పేలలేదు" అంది ఆర్డిస్, చేతిరుమాలులో చుట్టి తెచ్చిన తూటాని లైల్ పనిబల్ల మీద పెడుతూ.

లైల్ కళ్ళజోడు సవరించుకుని తూటా అడుగుభాగం చూశాడు. మందుని అంటించే శనగబద్దంత ప్రైమర్ బిళ్ళ మధ్యలో చిన్న నొక్కు. రివాల్వర్ సుత్తి తగిలింది గాని, చాలినంత గట్టిగా తగల్లేదు. ఆ తూటా అతని చేత్తో, ఇదే గ్యారేజీలో, ఇదే బల్ల మీద తయారైంది.

మే నెల నుంచి భయపడుతున్న ఘడియ రానే వచ్చిందనుకున్నాడు.

"మెర్విన్ రాలేదా?"

"మైనాట్ ఊళ్ళో వాళ్ళ చెల్లెలి దగ్గర ఉన్నాడు."

అంటే నా మొహం చూడటం ఇష్టం లేక పెళ్ళాన్ని పంపాడన్నమాట అనుకున్నాడు లైల్. నలభై ఏళ్ళ స్నేహం వాళ్ళిద్దరిదీ. మెర్విన్ కాల్చిన ప్రతి తూటా లైల్ చేసిందే. "లైల్ తూటా, లూథరన్ చర్చి గంట తప్పవు" అని తుపాకీ క్లబ్బులో సామెత.

"కూర్చో ఆర్డిస్. కాఫీ పెడతాను."

"కాఫీ వద్దు. ఎందుకు పేలలేదో చెప్పు. నాకర్థమయ్యేట్టు చెప్పు."

లైల్ స్టూలు మీద కూలబడ్డాడు.

"వాడి వేళ్ళకి కీళ్ళనొప్పులు కదా. ట్రిగ్గర్ తేలిగ్గా కదలాలని రెండేళ్ళ కింద నేనే వాడి రివాల్వర్లో మెత్తటి స్ప్రింగు వేశాను. స్ప్రింగు మెత్తనైతే సుత్తి దెబ్బ కూడా మెత్తనే. అలాంటి దెబ్బకి పేలాలంటే ప్రైమరు రేకు పల్చగా ఉండాలి. పోయిన చలికాలం ఆ రకం ఎక్కడా దొరకలేదు. ఊళ్ళో గట్టి రకం ఉంటే అదే తెచ్చి బిగించాను. నా రివాల్వర్లో వేసి చూస్తే వందకి వందా పేలాయి. నా స్ప్రింగు గట్టిది మరి."

"అంటే, పాత రకం వేసుంటే ఇది పేలేదా?"

"పేలేది."

"ఖాయంగా?"

"ఖాయంగా. తప్పు తూటాది కాదు, నాది."

ఆర్డిస్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. ఆమెనింత కోపంగా ఎప్పుడూ చూడలేదనుకున్నాడు లైల్.

"రెండోసారి నొక్కి చూశాడా?" అలవాటు కొద్దీ అడిగాడు.

"లేదు. కింద పెట్టేసి నన్ను పిలిచాడు."

ఇంక దాచి లాభం లేదు. అసలు పాపం ఇంకా చెప్పనేలేదు.

"మేలో గురిపోటీ రోజు కూడా ఇదే జరిగింది ఆర్డిస్. రెండు పేలలేదు. తన వేలే సరిగ్గా నొక్కలేదనుకున్నాడు. వాడు చూసే లోపే ఏరి జేబులో వేసుకున్నాను. పేలినవి కూడా దెబ్బ చాలక ఒకటి జోరుగా, ఒకటి నీరసంగా పేలాయి. గుళ్ళు గురికాగితమంతా చెదిరిపోయాయి. పదకొండేళ్ళుగా మొదటో రెండో వచ్చేవాడు, ఆ రోజు ఆఖరున ఉన్నాడు."

"తెలుసు. ఇంటికొచ్చి భోజనం చెయ్యలేదు."

"నా దగ్గరికొచ్చి చెయ్యి చాపి చూపించాడు. 'చూడరా లైల్, వణుకుతోంది కదూ. మా నాన్నకీ ఇలాగే మొదలైంది' అన్నాడు. వణకలేదు. రాయిలా ఉంది ఆ చెయ్యి. ఆ మాట చెప్తే ప్రైమర్ల సంగతి చెప్పాలి. క్లబ్బు వాళ్ళంతా చుట్టూ ఉన్నారు. 'వయసు మీద పడుతోంది గదరా' అనేశాను."

బయట వీధిలో ఎవరో రాలిన ఆకులు ఊడుస్తున్న చప్పుడు.

"వేసవంతా చెంచా పట్టుకుని తన చేతినే చూసుకునేవాడు" అంది ఆర్డిస్. "వాళ్ళ నాన్నకి ఆఖరి ఆరేళ్ళూ నేనే అన్నం తినిపించాను. తనకీ నా చేతే తినిపించుకోవాల్సి వస్తుందని బెంగ పెట్టుకున్నాడు. నువ్వు ఒక్కసారన్నా రాలేదు లైల్."

"ఏ మొహం పెట్టుకుని రాను?"

తలెత్తలేకపోయాడు. మెర్విన్ ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తుందని ఈ ఐదు నెలలూ చుట్టుదారిన చర్చికి వెళ్ళాడు. అరుగు మీద ఒంటరిగా కూర్చున్న మెర్విన్‌ని ఓసారి దూరం నుంచి చూసి, కారు వెనక్కి తిప్పుకున్నాడు కూడా.

"మిగిలిన తూటాలన్నీ ఇచ్చెయ్. విప్పి పాత రకం వేసి చేస్తాను. ఇప్పుడు దొరుకుతున్నాయి. వాడి కాళ్ళు పట్టుకునైనా వచ్చే మేకి మళ్ళీ పోటీకి తీసుకెళ్తాను."

"వద్దు." ఆర్డిస్ సంచిలోంచి మెర్విన్ రివాల్వర్ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నీ దగ్గరే ఉంచు. వేటతుపాకులూ కారులో ఉన్నాయి, దించుకో."

తెగతెంపులంటే ఇవే అనుకున్నాడు లైల్.

"వాడికి నా మీద అంత కోపమా?"

"ఆయనకి ఈ ప్రైమర్ల సంగతే తెలియదు. నేనే ఈ సాయంత్రం వెళ్ళి చెప్తాను, చేతికేమీ కాలేదని." ఆమె నూనె మరకలున్న లైల్ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "నిన్ను తిట్టాలో, నీకు చేతులెత్తి మొక్కాలో తెలియడం లేదు లైల్."

"మొక్కడమేంటి?" అయోమయంగా చూశాడు లైల్. "ఇంతకీ ఆ తూటాతో దేన్ని కొట్టబోయాడు వాడు?"

"తనని తానే."