మనిషి లేని ఫొటో

“అవ్వా, జర పక్కకు జరుగు. చెట్టొక్కటే రావాలె,” అన్నాడు లక్ష్మీకాంత్, సెల్‌ఫోను కంటికి ఎదురుగా పట్టుకుని.

రుక్కి జరగలేదు. ఇప్పచెట్టు మొదలుకు వీపు ఆనించి ఇంకా గట్టిగా నిలబడింది. ఫొటో తీస్తున్నారని తెలిసి, తండాలోకి పోయి పెట్టె అడుగునున్న అద్దాల రవిక తొడుక్కుని మరీ వచ్చింది. చెట్టు ఆమె చేను గట్టు మీదిది. జనగామ పోయే రోడ్డును వెడల్పు చేస్తారని దాని మీద ఎర్రరంగుతో నంబరు వేసి మూడు నెలలైంది. కొట్టొద్దని ఆమె దరఖాస్తు పెట్టుకునీ మూడు నెలలే.

“ఎందుకు జరగాలె? నా ఇల్లు మంజూరైనప్పుడు గోడకు నిలబెట్టి తీసిండ్రు. మా మరిది భద్రు వలస పోయి ఫొటోల లేడని ఆయన ఇల్లు రానే రాలేదు. మనిషి లేని ఫొటోను సర్కారు నమ్మదు బిడ్డా.”

ఆమె చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. లక్ష్మీకాంత్ ఓరగా కారు వైపు చూశాడు. అద్దం దించుకుని లోపల రోడ్ల శాఖ ఇంజనీరు కూర్చున్నాడు. ఇదివరకు రెండుసార్లు లక్ష్మీకాంత్ ఒక్కడే వచ్చి చెట్టు ఫొటో తీసుకుపోయాడు. ఈసారి సారు కూడా బయలుదేరాడు.

కార్తీకమాసపు ఎండ నాలుగు దాటేసరికే పసుపుపచ్చగా మారి, కొమ్మల సందుల్లోంచి ఏటవాలుగా దిగుతోంది. అంత అందంగా ఉన్న చెట్టును చూసి లక్ష్మీకాంత్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

“ఎండ సూడు, ఎంత మంచిగ పడ్డదో. నువ్వు అడ్డముంటే ఖరాబైతది. నీ చెట్టు మీద నీకు పాణం లేదా?”

“పాణం ఉన్నదనే నిలబడ్డ.”

“పోయి జర చాయ్ పెట్టరాదు, తాగిపోతం.”

“ఫొటో అయినంక పెడత.”

“నీ కాళ్లు మొక్కుత అవ్వా, ఇంట్లకు పో!”

అతను అంతగా ఎందుకు బతిమాలుతున్నాడో రుక్కికి అర్థం కాలేదు. ఫక్కున నవ్వింది. “ఏం పిల్లగానివయ్యా, ఫొటో కోసం ఏడుస్తవా!”

“లక్ష్మీకాంత్!” కారులోంచి కేక. “ఆమె నిలబడతనంటే నీకేం నొప్పి? తియ్యి.”

“సార్, ఎండ ఎనక నుంచి కొడుతున్నది. మొఖం నల్లగొస్తది. రేపు వచ్చి...”

“తియ్యి.”

లక్ష్మీకాంత్‌ది కాంట్రాక్టు ఉద్యోగం. మార్చిలో మళ్లీ సంతకం పెట్టాల్సింది ఆ సారే. చేసేదేమీ లేక ఫొటో తీశాడు.

రుక్కి గబగబా వచ్చి ఫోనులోకి తొంగిచూసింది. ఆకులన్నీ బంగారు రంగులో ఉన్నాయి. రవిక అద్దాలు మెరుస్తున్నాయి. ఆమె చెయ్యి చెట్టు మీద ఉంది.

“మంచిగొచ్చింది! ఇగ నా చెట్టుకేం కాదు,” అంటూ ఇద్దరికీ దండం పెట్టింది. లక్ష్మీకాంత్ ఆమె ముఖం చూడలేక వెళ్లి కారెక్కాడు.

కారు కదిలింది. ఇంజనీరు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసి, తృప్తిగా తలాడించాడు.

“రేపు పొద్దుగాలనే మిషిన్ వాళ్లను రమ్మను. చెట్టొక్కటే ఉన్న ఫొటోలకు రెండుసార్లు ఫైలు వాపస్ వచ్చింది. పట్టాదారు పక్కన నిలబడి దిగితేనే గద, కొట్టనీకి ఒప్పుకున్నట్టు!”